ఓడెక్కిన మొక్కు

ఆ రోజుల్లో సలహా అన్నది నేను ఇతరులకు ఇచ్చేదే తప్ప ఒకరి దగ్గర పుచ్చుకునేది కాదని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరు క్రూజ్‌కి బయల్దేరుతున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఏ అంతస్తులో గది తీసుకోవాలి ఆంటీ, వాంతులు రాకుండా ఏం చేయాలి ఆంటీ, పప్పన్నం పెడతారా ఆంటీ అని. నేనూ నాలుగు ఓడలు దగ్గరుండి కట్టించినదానిలా గంభీరంగా చెబుతాను. (మా అమ్మాయి పక్కన కూర్చుని కళ్ళు తిప్పుతూ ఉంటుంది. తిప్పనివ్వండి, వయసు అలాంటిది.) వాళ్ళకి తెలియనిదేమిటంటే, నా దగ్గరున్న ప్రతి సలహా వెనకా ఒకప్పుడు నేను వేసుకున్న వాదం ఒకటుంది. ఆ వాదాలన్నిట్లో నేనే గెలిచాను. గెలిచాక అనుభవించాను. అన్నీ ఒకే ఒక్క ప్రయాణంలో.

అప్పటికి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో కొత్త కాపురం, లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం, ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే జవాబు సిద్ధం చేసుకునే వయసు. "దీన్ని కంప్యూటర్లు కాదు, లా చదివించాల్సింది" అని మా నాన్న అనేవాడు. అది తప్పని ఆయనతో ఓ పూట వాదించాను. ఆ ఏడు మా అత్తగారూ మామగారూ రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరున్నారు. వచ్చేముందే మామగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన చక్కగా కోలుకున్నారు. కోలుకోనిది మా అత్తగారు. ఆయన దగ్గితే వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చేది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "నిద్రపోతున్నానే, పోలేదు" అనేవారాయన కళ్ళు తెరవకుండానే. ఇద్దర్నీ ఎక్కడికైనా తిప్పుకొస్తే ఆవిడ గుండె కాస్త కుదుటపడుతుందని మా ఆయనకీ నాకూ తోచింది. అడుగడుక్కీ నడవక్కర్లేదు, పూటకో హోటల్ మారి పెట్టెలు సర్దక్కర్లేదు, వంట చేయక్కర్లేదు. పెద్దవాళ్ళకి క్రూజ్‌ని మించింది లేదని ఇప్పటికీ చెబుతాను, ఈ ఒక్క సంగతిలో నేను మొదటినుంచీ కరెక్టే.

సలహాకి నాకు కాపెల్ అక్క ఉండేది. మా పక్క ఊరు కాపెల్‌లో ఉంటుంది కాబట్టి కాపెల్ అక్క, సొంతూరు కరీంనగర్. అప్పటికే క్రూజుల్లో ఆరితేరిన మనిషి, నన్ను భరించడంలో అంతకంటే ఆరితేరింది. నేను బుక్ చేశాక ఫోన్ చేశాను. ముందు బుక్ చేయడం, తరవాత సలహా అడగడం నా పద్ధతి.

"నవంబర్లనా? మంచిదే, రష్ ఉండది. గని తిథులు చూసుకున్నవా చెల్లె?"

"హరికేన్లు చూసుకున్నానక్కా. తిథులు ఓడని ముంచవు."

"సరేతీ. ముందురోజే గాల్వెస్టన్ రేవుకు పోయి ఆడనే పండుకోండ్రి. తోవల ఏదన్నయితే ఓడ మీకోసం ఆగది."

"అయిదు గంటల డ్రైవ్. తెల్లారకుండా బయల్దేరితే సరిపోతుంది."

"రూమ్ కింది అంతస్తుల, నడిమిట్ల తీస్కున్నవా? ఊగది."

"పైన, ముందువైపు తీసుకున్నాను. వ్యూ బాగుంటుంది."

"రైస్ కుక్కర్ గిట్ల పెట్టుకోకుండ్రి, గుంజుకుంటరు."

"రైస్ కుక్కరేం బాంబా అక్కా గుంజుకోవడానికి?"

అటునుంచి ఒక నిట్టూర్పు. "నువ్వు పోయిరా తల్లీ. వచ్చినంక మాట్లాడుదాం."

నన్ను ఆశ్చర్యపరిచింది మా అత్తగారు. గుడికి రమ్మంటేనే ఆయన ఆయాసం అంటూ వంద వంకలు పెట్టే మనిషి, ఓడ అనగానే "ఎప్పుడూ?" అంది. తేదీ చెప్పాను. లోపలికెళ్ళి పంచాంగం చూసుకొచ్చింది. వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. "బంగారంలాంటి రోజులు చూశావమ్మాయ్" అంది. నా జన్మలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అందుకని ఎందుకని అడగలేదు. (మెచ్చుకున్నప్పుడు కారణాలు అడిగేంత వాదన పిచ్చి నాకు కూడా లేదు.) అసలు సంగతి నాకు ఓడెక్కాక తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. మామగారిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళినప్పుడు ఆవిడ మొక్కుకుందట. మనిషి బతికి బయటికొస్తే కార్తీక పౌర్ణమి నాడు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏడాదిలో రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై అయిదు వత్తులు వెలిగించి, నీళ్ళమీద వదులుతానని. టెక్సాస్‌లో నీళ్ళెక్కడ, గోదారెక్కడ అని లోలోపల కుమిలిపోతున్న మనిషికి, సరిగ్గా పౌర్ణమినాడు సముద్రం మధ్యలో ఉంటామని నేనే టిక్కెట్లు చేతిలో పెట్టాను. ఇక ఓడంటే ఆవిడ ఊహ వేరు. గోదావరిలో లాంచీ ఎక్కి, అంచున కూర్చుని, చెయ్యి చాస్తే నీళ్ళు. అరటి దొప్ప దొరకదని ఇండియన్ స్టోర్ పక్క షాపులో అల్యూమినియం ట్రే కూడా కొనిపెట్టుకుందని మాకెవరికీ తెలియదు.

బయల్దేరాం. హ్యూస్టన్ దాటగానే ముందెక్కడో ట్రక్కు అడ్డం తిరిగి హైవే ఆగిపోయింది. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని నావైపు చూశాడు. ఆ చూపులో కాపెల్ అక్క గొంతు వినిపించింది. గేటు మూసేముందు పరుగున చేరాం. ఆ హడావుడిలో పెట్టెలన్నీ పోర్టర్ చేతిలో పెట్టేశాం, మామగారి సాయంత్రం మాత్రలతో సహా. (ఇదొకటి రాసుకోండి: పెట్టె గదికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచీలో ఉండాల్సిందే.) ఓడ ఎదురుగా నిలబడి మా అత్తగారు తలెత్తి చూసింది. ఇంకా ఎత్తింది. మెడ పట్టేసేదాకా ఎత్తింది. "ఇది ఓడా? మన కోటగుమ్మం వీధి మొత్తం నిలబెట్టినట్టుంది. మరి నీళ్ళెక్కడ?" అంది. కింద ఉన్నాయని చూపించాను. ఆవిడ తన చేతినీ, ఆ లోతునీ కొలిచి చూసుకుంది.

సాయంత్రమైంది, అందరి పెట్టెలూ గుమ్మాల ముందు చేరాయి, మావాటిలో మాత్రలున్న పెట్టె చేరలేదు. మాత్రల వేళ దాటిపోతోంది. అడిగితే సెక్యూరిటీ గదికి వెళ్ళమన్నారు. నలుగురం వెళ్ళాం. బల్లమీద మా పెట్టె నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన నా రైస్ కుక్కర్ ముద్దాయిలా కూర్చుంది. నిప్పు పుట్టించేదీ వేడెక్కేదీ ఏదీ ఓడలో పనికిరాదట, దిగేటప్పుడు ఇస్తారట. నేను వాదన మొదలెట్టేలోపే ఆ ఆఫీసరమ్మ పెట్టెలోంచి ఇంకా తీస్తోంది: నేతిలో తడిపిన వత్తుల కట్ట, అగ్గిపెట్టె, అల్యూమినియం ట్రే, చివరికి ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా తెల్లటి బిళ్ళలు. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"వాట్ ఈజ్ దిస్?"

మామగారు ముందుకొచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, ఏదైనా విడమర్చి చెప్పకపోతే ఆయనకి తోచదు. "క్యాంఫర్, మేడమ్. ఫర్ గాడ్. యు లైట్ ఇట్, ఇట్ గోస్."

"గోస్ వేర్?"

మామగారు వేలు పైకి చూపించారు. ఆఫీసరమ్మ సీలింగువైపు చూసింది. మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మాత్రలు మాత్రం వెంటనే ఇచ్చేశారు, పాపం మర్యాదస్తులే. మిగతావన్నీ సంచీలో వేసి చీటీ కట్టారు. అత్తగారు ఆ సంచీవంకే చూస్తూ నిలబడింది. రైస్ కుక్కర్ గురించి నేను చేస్తున్న ఉపన్యాసం నాకే వినపడడం మానేసింది.

గదికొచ్చాక మంచం అంచున కూర్చుని మొక్కు సంగతంతా చెప్పింది. "పౌర్ణమి ఎప్పుడత్తయ్యా?" అన్నాను. తిరుగు ప్రయాణంలో, ఆఖరి రోజున. చుట్టూ నీళ్ళు తప్ప నేల కనపడని రోజు. "పోనీ ముందురోజు కోజుమెల్ దీవిలో దిగుతాం కదా. అక్కడ అగ్గిపెట్టె, కొవ్వొత్తో ఏదో దొరుకుతుంది, బీచ్‌లో వెలిగించేద్దాం" అన్నాను, సమస్య తేల్చేసినట్టు.

"తిథి మర్నాడైతే దీపం ఇవాళ పెడతావా? ఇదేమన్నా మీ అమెరికా దీపావళా అమ్మాయ్, శనివారానికి జరుపుకోవడానికి?"

మర్నాడు రిసెప్షన్ దగ్గరికి వెళ్ళి దాదాపు ఆఫీసు మీటింగ్ పెట్టాను. ఒక్క దీపం, ఒక్క నిమిషం, పక్కన మీ మనిషిని బకెట్‌తో నిలబెట్టుకోండి అన్నాను. బర్త్‌డే కేక్‌మీద కొవ్వొత్తులు వెలిగించరా అన్నాను. వెలిగించరట. మతస్వేచ్ఛ అన్నాను. ఆ అమ్మాయి నవ్వు చెదరకుండా, "మేడమ్, సముద్రం మధ్యలో మాకు భయమంటే ఒక్క నిప్పే" అంది. అంత మర్యాదగా నన్ను ఓడించిన మనిషి అంతవరకూ లేదు. పైగా సగం వాదనలో ఓడ ఊగింది, నాకు కడుపులో తిప్పింది, పరుగెత్తాల్సి వచ్చింది. (కింది అంతస్తు, నడిమధ్య గది. వాంతుల మాత్ర ఓడ ఊగకముందే వేసుకోవాలి, ఊగాక కాదు. కాపెల్ అక్క దీర్ఘాయుష్మంతురాలు కావాలి.) ఆ పూటంతా నేను మంచానికి అతుక్కుపోయాను. అత్తగారు తన దిగులు దిగమింగుకుని, చేతిసంచీలోంచి ఎండు ఉసిరిముక్క తీసి నా నోట్లో పెట్టింది. "చప్పరించు. మాట్లాడకు. నీకు కష్టమే, అయినా మాట్లాడకు" అంది.

మామగారు మాత్రం ఓడని తన సొంతం చేసుకున్నారు. ఐస్‌క్రీమ్ యంత్రం ఎక్కడుందో, దాని దగ్గర అత్తగారు ఏ వేళప్పుడు ఉండదో కనిపెట్టారు. గదిలో ఓడవాళ్ళు తువ్వాలుతో చేసి పెట్టిన ఏనుగుకి బొట్టు పెట్టారు. డైనింగ్ హాల్లో మొదటి సాయంత్రమే పెద్ద వెయిటర్‌ని పిలిచి, "వి ఆర్ వెజ్. నో ఎగ్, నో ఫిష్, నో డిస్కషన్" అని చెప్పేశారు. దాంతో మర్నాటినుంచి మాకు విడిగా పప్పూ కూరా వచ్చాయి. (మొదటి రోజే చెప్పడం ముఖ్యం. మూడో రోజు చెబితే మూడు రోజులు సలాడ్ తింటారు.)

పౌర్ణమి వచ్చింది. అత్తగారు పొద్దుటినుంచి ఉపవాసం. దీపం పెట్టాకే తినాలి, దీపం లేదు. చీకటి పడింది, సముద్రంమీద పళ్ళెమంత చంద్రుడు. మామగారు డెక్కు కమ్మీ పట్టుకుని కిందికి తొంగిచూసి, "పైగా ఇంత ఎత్తునుంచి వత్తుల కట్ట వదిలితే అది దీపమా, దీపావళి బాంబా?" అని నవ్వించబోయారు. ఆవిడ నవ్వలేదు. "నువ్వు తినకపోతే నేనూ తినను, మాత్రలు వేసుకోను" అని ఆయన భీష్మించుకున్నారు. ఆ బెదిరింపుకి లొంగి ఆవిడ డైనింగ్ హాలుకి వచ్చింది గానీ, ప్లేటు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బతికి ఎదురుగా కూర్చున్నానా లేదా? ఇంకేం దీపం కావాలే నీకు?" అన్నారు మామగారు.

"మీరూరుకోండి. మొక్కు తప్పితే ఏమవుతుందో మీకేం తెలుసు? అప్పుడు మీరు లోపల మత్తులో ఉన్నారు. బయట ఉన్నది నేను." మా ఆయన నీళ్ళ గ్లాసువంక చూస్తూ కూర్చున్నాడు. అంతవరకూ ఆవిడ పట్టుదలని చాదస్తం అనుకుంటూ వచ్చాను. బయట బెంచీమీద ఒంటరిగా కూర్చుని దేవుడితో బేరం పెట్టుకున్న మనిషి అప్పుడు కనపడింది నాకు. ఏదైనా చెయ్యాలనిపించింది. నాకు చేతనైంది ఒక్కటే.

"అత్తయ్యా, ఒక్క ప్రశ్న."

"అడుగు. అడగొద్దంటే ఆగుతావా?"

"మీరేమని మొక్కుకున్నారు? అన్నమాట అన్నట్టు చెప్పండి."

"చెప్పానుగా. ఈయన్ని నాకు అప్పగించు స్వామీ, కార్తీక పౌర్ణమికి ఈయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు వందల అరవై అయిదు వత్తులూ వెలిగించి నీళ్ళలో వదుల్తానని."

"ఏ ఏడు కార్తీక పౌర్ణమికి అన్నారు?"

"ఏ ఏడూ అని... అనలేదు."

"అయితే మొక్కు తప్పిందెక్కడ? ఇంకా తీరలేదు, అంతే. తప్పడం వేరు, తీరకపోవడం వేరు. ఇంకోటి. మామయ్యగారు ఎదురుగా కూర్చుంటేనే కదా మీరు వెలిగించేది? మరి మీరు వెలిగించేదాకా ఆయన్ని కూర్చోబెట్టే పూచీ ఎవరిది? మీదా, ఆ స్వామిదా?"

మా ఆయన బల్లకింద నా కాలు తొక్కాడు, చాలు ఆపమని. మామగారు చెంచా కింద పెట్టి, "అబ్బో! లాయరమ్మా!" అన్నారు.

"దేవుడికే మెలిక పెడతావుటే?" అంది అత్తగారు.

"నేను పెట్టలేదత్తయ్యా. మీరే పెట్టారు, తెలియకుండా."

ఆవిడ ఏదో అనబోతుండగా హాల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. ఆఖరి సాయంత్రం వెయిటర్లు ఊరేగింపు చేస్తారని నాకు తెలియదు. పాట మొదలైంది. వంటింటి తలుపులు తెరుచుకుని వరసగా వచ్చారు, ఒక్కొక్కరి చేతిలో ఒక ఐస్‌క్రీమ్ కేకు, దానిమీద మిణుకుమంటూ బ్యాటరీ దీపం. పదులా, వందలా, చీకట్లో టేబుళ్ళ మధ్యనుంచి పాములా తిరుగుతూ దీపాలు, దీపాలు. మా అత్తగారు లేచి నిలబడిపోయింది. ఆవిడకి తెలియకుండానే చేతులు జోడించింది. ఈలోగా మామగారు కుర్చీలో లేరు. చూస్తే ఊరేగింపు మధ్యలో ఉన్నారు, భుజాన నాప్‌కిన్ ఊపుతూ, మా పెద్ద వెయిటర్ వెనకాల అడుగులో అడుగు వేస్తూ. పిల్లల్ని బెత్తంతో కూర్చోబెట్టిన మాస్టారు! "ఏవండీ! ఆయాసం వస్తుంది! ఇటు రండి!" అని ఆవిడ కేక. ఆయాసం రాలేదు. హాలంతా ఒక చుట్టు చుట్టి, ఒక దీపం అడిగి పుచ్చుకుని, తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఆ మిణుకు వెలుగు ఇద్దరి మొహాల మీదా పడింది.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను. "అత్తయ్యా, ఆయన ఎదురుగానే కూర్చున్నారు, నీళ్ళమీదే ఉన్నాం, పౌర్ణమే, ఇన్ని దీపాలూ వెలిగాయి. మొక్కు తీరిపోయినట్టే అనుకోవచ్చు కదా?"

మా అత్తగారు నావైపు ఎంత భయంగా చూసిందంటే, నేనేదో అపశకునం పలికానన్నట్టు. చటుక్కున ఆ బ్యాటరీ దీపాన్ని అందుకుని, తిరగేసి, గోటితో మీట నొక్కి ఆర్పేసింది.

"తీరలేదు! ఇది లెక్కలోకి రాదు. దీంట్లో నెయ్యేది, వత్తేది? తీరలేదంటే తీరలేదు, విన్నావా?" అని, ప్లేటు ముందుకు లాక్కుని, చల్లారిపోయిన పప్పన్నం కలుపుకుని ఆబగా తినడం మొదలుపెట్టింది. నాలుగు ముద్దలయ్యాక మామగారి ఐస్‌క్రీమ్ గిన్నె తనవైపు జరుపుకుంది. "మీకు చాలు" అంది. అప్పుడు మామగారు నావంక చూసిన చూపు, ఎన్ని వాదాలు గెలిచినా నాకు మళ్ళీ దొరకలేదు.

ఇది జరిగి పదిహేనేళ్ళు దాటింది. వాళ్ళిద్దరూ ఆ శీతాకాలమే రాజమండ్రి వెళ్ళిపోయారు. గోదావరి ఇంటికి కూతవేటు దూరం. అయినా ఏటా కార్తీకం వస్తుంది, ఏటా ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఒక ఏడు రేవులో జనం ఎక్కువ. ఒక ఏడు నెయ్యి మంచిది దొరకలేదు. ఒక ఏడు వత్తులు చేసిన పత్తి బాగాలేదు. తులసి దగ్గర దీపం తప్పదు, గుళ్ళో దీపం తప్పదు, ఆ ఒక్క కట్ట మాత్రం అలాగే అలమరలో ఉంటుంది. మామగారికి ఎనభై దాటాయి, చెవి కాస్త మందగించింది, ఐస్‌క్రీమ్ విషయంలో ఇప్పటికీ నమ్మదగ్గ మనిషి కాదు. మొన్న కార్తీకంలో ఫోన్ చేసి, "ఈసారైనా తీరుస్తున్నారా అత్తయ్యా?" అని అడిగాను. "ఏం తొందరమ్మాయ్? ఒంట్లో ఓపిక ఉండద్దూ? వచ్చే ఏడు చూద్దాంలే" అంది. ఆ గొంతులో ఓపికకేం తక్కువ లేదు.

క్రూజ్ సలహాలడిగే పిల్లలకి ఇదంతా చెప్పను. మాత్రలు, కింది అంతస్తు, ముందురోజే చేరుకోవడం, అంతే. ఆ ప్రయాణంలోవి తప్ప, ఆ వయసులో నేను గెలిచిన వాదాల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు, ఎవరితోనో, దేనిగురించో. డైనింగ్ హాల్లో అంత ధీమాగా వేలెత్తి మాట్లాడిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తుంది కూడా. నిజానికి ఆ పిల్ల వాదనలో ఒక పెద్ద లొసుగుంది: ఆ పూచీకి స్వామి సరేనన్నదెప్పుడు? అది నాకు ఆ టేబుల్ దగ్గరే తెలుసు. మా అత్తగారు తెలివైన మనిషి, ఆవిడకీ తెలిసే ఉంటుంది. ఇద్దరం నోరున్నవాళ్ళమే, ఇన్నేళ్ళలో వంటగురించీ, పిల్లల పెంపకంగురించీ, కాఫీలో పంచదారగురించీ ఫోన్‌లో వాదించుకోని వారం లేదు. దాని జోలికి మాత్రం ఆవిడా రాలేదు, నేనూ వెళ్ళలేదు.